మిషనుకి అవతలి వైపు

ఢిల్లీ సాకేత్ మెట్రో స్టేషన్లో సదాశివరావుగారి పేరు ఎవరికీ తెలియదు. ‘పహియా సర్’ అంటే మాత్రం గేటు దగ్గర తనిఖీ చేసే జవాను దగ్గర్నుంచి నేల తుడిచే దీదీ దాకా అందరికీ తెలుసు. పహియా అంటే చక్రం. వారానికి ఒక్కసారైనా ఆయన చంకలో సైకిలు చక్రం పెట్టుకుని వస్తారు మరి. దానికి టైరు ఉండదు. ఉత్త రిమ్ము, చువ్వలు, ఇరుసుకి రెండు వైపులా రెండు చెక్క పిడులు. కొత్తగా డ్యూటీకొచ్చిన జవాను ఎవరైనా ‘యే క్యా హై?’ అని ఆపాడో, అంతే సంగతులు! సదాశివరావుగారు ఆ పిడులు అతని చేతుల్లో పెట్టి, చక్రాన్ని గిర్రున తిప్పి, ‘అబ్ ఇస్కో టేఢా కరో భయ్యా’ అంటారు. అతను వంచబోతాడు. చక్రం వింటేనా? ఇతను ఇటు వంచితే అది ఇంకెటో లాగుతుంది. జవాను పళ్ళికిలిస్తాడు, వెనక క్యూలో వాళ్ళు తిట్టుకుంటారు, ఈయన చక్రం మళ్ళీ చంకలో పెట్టుకుని చక్కా వెళ్ళి రైలెక్కేస్తారు.

అలా మూడు రైళ్ళు మారితే గ్రేటర్ నోయిడా. అక్కడొక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన చెప్పేది డైనమిక్స్ ఆఫ్ మెషీన్స్. యంత్రంలో ఏ ముక్క ఏ ముక్కని కదిలిస్తుంది, కదిలేటప్పుడు ఎంత బలం పుడుతుంది, ఆ బలం ఎటు తోస్తుంది, ఇదీ ఆ చదువు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పాఠం. కాకినాడలో చదువు పూర్తిచేసి, అప్పటికే ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్న ఛాయాదేవిగారిని పెళ్ళి చేసుకుని ఆవిడ వెనకాల వచ్చేశారు. ఇప్పుడావిడ సెక్షన్ ఆఫీసరు. పుష్ప్ విహార్‌లో వాళ్ళుంటున్న క్వార్టరూ ఆవిడదే. ‘మా ఇంట్లో ఆఫీసరు ఆవిడ, నేను ఫైలు మోసేవాణ్ణి’ అని ఆయనే అందరికీ చెబుతారు. చెప్పి ఆయనే ముందు నవ్వుతారు.

ఆయన క్లాసంటే పిల్లలకి సరదా. వాన పడుతుంటే తడిసిన గొడుగుతో నేరుగా క్లాసులోకి వచ్చి, దాన్ని మూసి, తెరిచి, ‘ఇందులో ఎన్ని ముక్కలున్నాయి, ఎన్ని కీళ్ళున్నాయి, లెక్కపెట్టండి’ అంటారు. ముందు బెంచీ వాళ్ళ మీద నీళ్ళు చిందుతాయి. ఒకసారి కాలేజీ బస్సెక్కి, వైపర్లు ఎలా ఊగుతాయో చూపిస్తానని డ్రైవర్ని లేపి ఆ సీట్లో తను కూర్చుని, పొరపాటున హారన్ నొక్కి, ప్రిన్సిపాల్‌గారితో చీవాట్లు తిన్నారు. ఎవడికైనా పాఠం అర్థం కాలేదంటే ఆయనకి కోపం రాదు. పైగా హుషారొస్తుంది. ‘ఎక్కడ ఆగిపోయావో చెప్పు, అక్కడికి నేనొస్తా’ అంటారు. అర్థం కాకపోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది, అది దొరికేదాకా వెతకాలి, దొరక్కపోతే తప్పు మేస్టారిది. ఇదీ ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో దొరకనిదంటూ లేదు కూడా.

ఒక్క దీపు దగ్గర మాత్రం ఆ నమ్మకం బోర్లా పడింది.

దీపు ఎవరంటే తాయారమ్మ కూతురు. తాయారమ్మ ఎవరంటే, ఢిల్లీలో ఉన్న తెలుగు ఆడవాళ్ళు సగం మందికి జాకెట్లు కుట్టే మనిషి. తునివైపు నుంచి పాతికేళ్ళ కిందట వచ్చింది. కరోల్ బాగ్‌లో, బజారు వెనక సందులో, మూడో అంతస్తులో ఇల్లు. భర్త కనకయ్య అశోకా రోడ్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో వంట మేస్త్రి. పన్నెండేళ్ళుగా ఛాయాదేవిగారి జాకెట్లన్నీ తాయారమ్మ చేతి మీదుగా వచ్చినవే. ఆ చనువుతోనే దీపుకి సీటొచ్చిన రోజున తాయారమ్మ మిఠాయి పట్టుకుని క్వార్టరుకి వచ్చి, ‘సారూ, మీ కాలేజీయే. పిల్ల ఇంక మీది’ అని చెప్పి వెళ్ళింది.

పిల్ల మంచి చురుకు. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలో వస్తుంది. మిగతా సబ్జెక్టులన్నీ నాలుగేళ్ళలో ఇట్టే దాటేసింది. ఫరీదాబాద్‌లో గేర్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చింది. తీరా చూస్తే డైనమిక్స్ పేపరు ఒకటి ఉండిపోయింది. పాసు మార్కు నలభై. మొదటిసారి ముప్పై నాలుగు, రెండోసారి ముప్పై ఏడు, మూడోసారి ముప్పై ఎనిమిది. పేపర్లు దిద్దేది యూనివర్సిటీ వాళ్ళు, సదాశివరావుగారు చేయగలిగేది ఏమీ లేదు. దీపు చదివిన పాత సిలబస్ ఈ జూన్‌తో ఆఖరు. ఈసారి పోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే ఉద్యోగమూ లేదు. కంపెనీ వాళ్ళు ఆగస్టు దాకా చూస్తామన్నారు, అదే గొప్ప.

మూడోసారి పోయాక సదాశివరావుగారు దీపు చేత యూనివర్సిటీకి అర్జీ పెట్టించి, ఆమె రాసిన జవాబు పత్రం నకలు తెప్పించారు. స్టాఫ్ రూములో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క పేజీ తిప్పారు. తిప్పుతున్నకొద్దీ ఆయనకి మతిపోయింది. లెక్కలు ఎక్కడా తప్పు లేవు! సూత్రం రైటు, అంకె రైటు. చివర ‘ఎటు?’ అన్న చోట మాత్రం ప్రతిదీ తలకిందులు.

‘ఇదేంటమ్మా ఇది? ఈ ఓడ లెక్క చూడు’ అన్నారు దీపుని పిలిచి. ఆ లెక్క డైనమిక్స్ చదివిన వాళ్ళందరికీ తెలిసినదే. ఓడలో ఒక బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. ఓడ వెనక నిలబడి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతోంది. ఓడ ఎడమకి మళ్ళింది. అప్పుడు ఓడ ముందుభాగం పైకి లేస్తుందా, కిందికి దిగుతుందా? ‘ఎంత బలమో దశాంశాలతో సహా సరిగ్గా కట్టావు. లేవాల్సిన ఓడని ముంచేశావు!’

దీపు నాలిక కరుచుకుంది. ‘సర్, ఘర్ పే కర్తీ హూఁ తో భీ ఉల్టా హీ ఆతా హై. ఫిర్ ఆన్సర్ దేఖ్ కే సీధా కర్ లేతీ హూఁ.’

అంటే ఇంట్లో కూడా తలకిందులే వస్తుందన్నమాట! పుస్తకం వెనక జవాబు చూసి తిప్పేసుకుంటోంది. పరీక్షలో ఆ వెనక పేజీ ఉండదు కదా.

అప్పట్నుంచి రెండు నెలలు ఆయన చేయని ప్రయత్నం లేదు. సైకిలు చక్రం పట్టుకుని తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టారు. బొమ్మ ఓడ కొనుక్కొచ్చారు. కుడిచేతి వేళ్ళు ముడిచి బొటనవేలు చూపించే సూత్రం పాడించారు. ‘ఓడ వెనక నిలబడు, వెనక!’ అని గొంతు చించుకున్నారు. దీపు తలూపేది. ఎదురుగా ఉన్నంతసేపూ సరిగ్గానే చెప్పేది. మర్నాడు కొత్త లెక్క ఇస్తే ఓడ మళ్ళీ మునిగేది. సదాశివరావుగారి తల ప్రాణం తోకకొచ్చింది. ‘నాకు చెప్పడం రాదేమో ఛాయా’ అన్నారొక రోజు భోజనాల దగ్గర, పప్పన్నం కలుపుతూ. ఛాయాదేవిగారు ఆ మాట ఇరవై ఆరేళ్ళలో వినలేదు. నవ్వబోయి ఆగిపోయింది.

ఛాయాదేవిగారికి ఇంకో బాధ. రెండు జాకెట్లు కుట్టడానికిచ్చి నెలన్నర అయింది, తెచ్చుకోవడానికి మొహం చెల్లడం లేదు. తాయారమ్మ ఒక్క మాటా అనదు. ‘సారు ఎలా ఉన్నారండి?’ అని మాత్రం అడుగుతుంది. ఆ అడగడమే భరించలేనంటుంది ఈవిడ. ‘మే నెలాఖరున మా చెల్లెలి కూతురి పెళ్ళి. ఆ జాకెట్లు కావాలి. మీరే వెళ్ళి తీసుకురండి. మీ స్టూడెంటే కదా, మీరే పడండి’ అని ఒక ఆదివారం పొద్దున్న సంచీ చేతికిచ్చి పంపించింది.

సదాశివరావుగారు బిక్కుబిక్కుమంటూ ఆ మూడంతస్తులూ ఎక్కారు. పన్నెండేళ్ళ పరిచయమే అయినా ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఒకటే గది, దాని పక్కన వంటకి కాస్త జాగా. కనకయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. గది మధ్యలో, కిటికీ వెలుతురు పడేచోట, తొక్కుడు మిషను. ఇవతల కుర్చీలో తాయారమ్మ కూర్చుని కుడుతోంది. అవతల చిన్న పీట మీద దీపు కూర్చుని, ఒక చేత్తో డైనమిక్స్ పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో కుట్టుపడిన బట్టని తన వైపుకి లాగుతోంది.

‘అయ్యో సారూ! మీరొచ్చారేటి? కబురు పెడితే నేనే తెద్దును కదా’ అని తాయారమ్మ లేవబోయింది.

‘కూర్చో తాయారమ్మా, కుట్టు పూర్తికానీ. నాకేం తొందర లేదు.’

నిజానికి ఆయనకి తొందరే. ఈ మాటా ఆ మాటా రాకుండా జాకెట్లు పుచ్చుకుని ఉడాయిద్దామనే వచ్చారు. కాని యంత్రం కనబడితే ఆయన కాళ్ళు కదలవు. మిషను కింద పెడల్ ఊగడం, కడ్డీ పెద్ద చక్రాన్ని తిప్పడం చూస్తూ మంచం అంచున కూర్చుండిపోయారు. తాయారమ్మ బట్టని ముందుకి తోస్తోంది. దీపు అందుకుంటోంది. పుస్తకంలోంచి కళ్ళు తియ్యకుండానే, ఎంత లాగాలో అంత లాగుతోంది. ఎన్నో ఏళ్ళ అలవాటులా ఉంది.

‘దీపూ, నువ్వెప్పుడూ అక్కడే కూర్చుంటావా?’

‘హాఁ సర్, బచ్పన్ సే. హోంవర్క్ భీ యహీఁ కర్తీ థీ. యే మేరీ జగహ్ హై.’

చిన్నప్పట్నుంచీ ఆ పిల్ల చోటు అదే! సదాశివరావుగారు మంచం మీద ముందుకి జరిగారు. మెల్లిగా అడిగారు, ‘ఈ బట్ట ఎటు పోతోంది?’

‘అటు పోతందండి, ఇంకెటు పోద్ది’ అంది తాయారమ్మ.

‘మేరీ తరఫ్ ఆ రహా హై’ అంది దీపు, తన వైపుకే వస్తోందని, అదే క్షణంలో.

తల్లీకూతుళ్ళిద్దరూ ఆయన వంక ‘ఈయనకేమైనా అయిందా?’ అన్నట్టు చూశారు. సదాశివరావుగారు మంచం మీంచి ఒక్క గెంతు గెంతారు. యాభై ఏడేళ్ళ మనిషి, గది చిన్నది, కిటికీ రెక్క నెత్తికి కొట్టుకుంది. ఆయన లెక్కచేస్తేనా! ‘దొరికింది! దొరికిందమ్మా!’ అని నెత్తి తడుముకుంటూనే కేకలు పెట్టారు.

దొరికింది ఇది. ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి యంత్రానికి ఎదురుగా కూర్చుంది. ఈమె లోకంలో ప్రతి యంత్రమూ తన వైపుకే వస్తుంది. లెక్కలో ఓడ అనగానే అది ఎదురుగా తన మీదికి వస్తున్నట్టే కనబడుతుంది. ‘వెనక నుంచి చూస్తే’ అని పుస్తకం ఎంత మొత్తుకున్నా, చక్రాన్ని మాత్రం తను కూర్చున్న చోటు నుంచే తిప్పుతుంది. ఓడని మాత్రం ఓడకి ఎడమ ఎటో అటే మళ్ళిస్తుంది. రెండూ తన వైపు నుంచే చూసుకున్నా గొడవే లేకపోయేది, తప్పూ తప్పూ కలిసి జవాబు సరిగ్గా వచ్చేసేది! ఒకటి తారుమారై ఒకటి నిలబడడంతో ప్రతిసారీ ఓడ మునుగుతోంది. రెండు నెలలు గొంతు చించుకుని ఈయన ఆమె రాసింది చూశారు గాని, ఎక్కడ కూర్చుని రాస్తోందో అడగలేదు.

‘లే దీపూ, లే! ఇటొచ్చి అమ్మ కుర్చీలో కూర్చో’ అన్నారు సంబరంగా. ‘తాయారమ్మా, నువ్వొక్క పదినిమిషాలు లే. పిల్ల చేత మిషను తొక్కిద్దాం. ఇటు నుంచి ఒక్కసారి ఒంటికి పట్టిందంటే ఇంక మరిచిపోదు.’

తాయారమ్మ లేవలేదు. మొహంలో నవ్వు పోయింది.

‘అది తప్ప ఏదైనా చెప్పండి సారూ.’

‘అదేమిటి?’

‘ఈ కుర్చీలో నా కూతురు కూర్చోదండి.’

‘మమ్మీ, ప్లీజ్ యార్, సిర్ఫ్ దస్ మినిట్...’ అని దీపు ఏదో అనబోతే తాయారమ్మ ఒక్క చూపు చూసింది. దీపు చేతిలో పుస్తకం పీట మీద బోర్లా పెట్టేసింది.

‘నాకు పదేళ్ళప్పుడండి’ అంది తాయారమ్మ, మిషను చక్రం మీద చెయ్యేసి. ‘మాయమ్మ ఇలాగే కుట్టేది. ఒకరోజు దానికి జొరమొచ్చింది. ఒకరి జాకెట్టు ఆరోజే ఇచ్చెయ్యాలి. తాయారూ, కాసేపు కూచోవే, నేను నడుం వాలుస్తాను అంది. కూచున్నానండి. ఆ కాసేపు ఇంకా అవలేదు. మర్నాడు ఇంకో జాకెట్టు. ఆ మర్నాడు బడి మానేశాను. నాకూ లెక్కలొచ్చేయండి, మా మేస్టారు ఇంటికొచ్చి అడిగారు కూడా. ఇది పుట్టిన రోజునే ఒట్టేసుకున్నాను. నా పిల్ల ఈ కుర్చీ ఎక్కదు. బొత్తాం ఊడితే నేనే కుడతాను. సూదిలో దారం కూడా ఎక్కించనివ్వలేదు. అవతల కూచుని చదువుకోమన్నాను. ఇరవై రెండేళ్ళు ఆపానండి. ఇప్పుడు మీరొచ్చి కూచోబెట్టమంటే ఎలాగ?’

తల్లి కూతుర్ని ఏ కుర్చీకి దూరంగా ఉంచి చదివించిందో, ఆ కుర్చీకి దూరంగా ఉండబట్టే కూతురు చదువు దగ్గర తప్పుతోంది. ఈ మాట పైకి అనడానికి ఆయనకి మనసొప్పలేదు. అంటే ఆవిడ ఏమైపోతుంది! పాపం, కళ్ళు చెమర్చి, నెత్తి నొప్పి పుట్టిందన్నట్టు కిటికీ వైపు తిరిగి కాసేపు తడుముకున్నారు.

తర్వాత వచ్చి పీట దగ్గర నేల మీదే కూర్చున్నారు. ‘తాయారమ్మా, నీ భయం నాకర్థమైంది. కూర్చోవడం గురించి కాదు నీ భయం, లేవడం గురించి. మీ అమ్మ నిన్ను లేపలేదు. నేను లేపుతాను. ఇదిగో వాచీ. పదినిమిషాలు. పదకొండో నిమిషం పడితే ఈ పిల్ల చెయ్యి పట్టుకుని నేనే లాగేస్తాను. లాగకపోతే మా ఆవిడతో చెప్పు, నాకు అన్నం పెట్టొద్దని.’

‘ఛాయమ్మగారు పెట్టకుండా ఉంటారేటి?’

‘నీ మాటంటే నిజంగానే మానేస్తుంది. పెళ్ళి జాకెట్లు నీ దగ్గరున్నాయి కదా!’

తాయారమ్మ నవ్వలేదు గాని పెదవి కదిలింది. కూతుర్ని చూసింది. పీట మీద బోర్లా పెట్టిన డైనమిక్స్ పుస్తకాన్ని చూసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మెల్లిగా లేచి, ఎన్నడూ వెళ్ళని అవతలి వైపుకి వెళ్ళి నిలబడింది. ‘వాచీ నాకు కనబడేలా పెట్టండి’ అంది.

దీపు ఆ కుర్చీలో కూర్చుంది. పెడల్ మీద కాళ్ళు పెట్టి తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. ‘అటు కాదే, నీ వైపుకి తిప్పు!’ అని తాయారమ్మ అవతలి నుంచి అరిచింది. మళ్ళీ తొక్కింది. ఈసారి కుదిరింది. బట్ట ముందుకి పోవడం మొదలెట్టింది. దీపు చేతులాపి దాని వంకే చూస్తూ ఉండిపోయింది. ‘యే తో... యే తో ముఝ్ సే దూర్ జా రహా హై!’

‘ఆఁ! నీకు దూరంగానే పోతోంది. ఇప్పుడు నువ్వు ఓడ వెనకున్నావు. మీ అమ్మ ఓడ ముక్కు దగ్గరుంది’ అని సదాశివరావుగారు ఒక పెన్సిలుకి దారం రీలు తొడిగి, పెన్సిలు మొన తాయారమ్మ వైపు పెట్టి, రీలుని గడియారం ముల్లులా తిప్పారు. ‘ఓడ ఎడమకి మళ్ళింది. చూసి చెప్పు. తొందరపడకు.’

బట్ట మీద గీతలు గీయడానికి తల్లి వాడే సుద్దముక్క తీసుకుని దీపు మిషను బల్ల మీద ఒక బాణం గీసింది. ఇంకొకటి గీసింది. కుడిచెయ్యి ముడిచి, బొటనవేలు చూసుకుని, ఒక నిమిషం గుడ్లప్పగించి కూర్చుంది. అప్పుడు ఒక్క అరుపు అరిచింది. ‘ఊపర్! సర్, ఊపర్! మమ్మీ వాలా సైడ్ ఊపర్!’

‘ఒప్పు! ముక్కు పైకే లేస్తుంది!’ అని సదాశివరావుగారు బల్ల మీద గుద్దారు. ‘కుడికి మళ్ళితే?’

‘నీచే!’

‘చక్రం అపసవ్యంగా తిరుగుతుంటే, ఎడమకి?’

‘నీచే!’

ఆయన అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. విమానం, మోటార్ సైకిలు, గేర్ల వరస, ఏది అడిగినా ఒక్కటీ తప్పు పోలేదు. మేస్టారూ శిష్యురాలూ ఇద్దరికీ ఒళ్ళు తెలియలేదు. అంతలో అవతలి నుంచి తాయారమ్మ గాభరాగా పిలిచింది. ‘సారూ! పదీ అయిపోయిందండి! లేపండి, లేపండి!’

‘ఏక్ ఔర్ సర్, లాస్ట్!’ అంది దీపు.

సదాశివరావుగారికీ ఇంకోటి అడగాలనే ఉంది. నాలిక చివరిదాకా వచ్చింది. కాని తాయారమ్మ రెండు చేతులూ మిషను బల్ల మీద ఆన్చి నిలబడిన తీరు చూశారు. దీపు చెయ్యి పట్టుకుని లేపేశారు. తాయారమ్మ గబగబా ఇవతలికొచ్చి తన కుర్చీలో తను కూర్చుంది. కూర్చున్నాక కాఫీ ఇస్తానంది.

ఆ రోజు ఆయన జాకెట్లు మరిచిపోయి ఇంటికి వెళ్ళారు. ఛాయాదేవిగారు తిట్టబోయి, సంగతంతా విని, ‘అయితే వచ్చే ఆదివారం తెండి’ అంది. వచ్చే ఆదివారం తెచ్చారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు జాకెట్ల మిష లేకుండానే వెళ్ళారు. ప్రతిసారీ పది నిమిషాలే, వాచీ తాయారమ్మ చేతికే ఇచ్చేవారు. మూడోవారానికి ఆవిడ కూడా అవతల నిలబడి ‘ఇటు లేస్తందా సారూ?’ అని అడగడం మొదలెట్టింది. ఒకసారి దీపు కంటే ముందే చెప్పేసింది, అది సరిగ్గానే ఉంది. ‘నీకు లెక్కలొచ్చని మీ మేస్టారు ఊరికే అనలేదు’ అన్నారు సదాశివరావుగారు. తాయారమ్మకి ఆ పూటంతా కాళ్ళు నేల మీద నిలవలేదు.

జూన్‌లో నలభై ఐదు డిగ్రీల ఎండలో పరీక్ష జరిగింది. ఇంక ఫలితం కోసం ఎదురుచూపులే. జూలై అంతా ఆయన చక్రం తిప్పడం కూడా మానేసి, ఫోను చూసుకుంటూ రైళ్ళెక్కారు. ‘పహియా సర్ కీ తబియత్ ఠీక్ నహీఁ క్యా?’ అని స్టేషన్లో జవాన్లు ఆయన ఆరోగ్యం గురించి ఒకళ్ళనొకళ్ళు అడిగారు.

ఆగస్టు రెండో తారీఖున మధ్యాహ్నం, క్లాసు మధ్యలో ఫలితం వచ్చింది. దీపు పంపిన ఫొటో. యాభై తొమ్మిది. సదాశివరావుగారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ‘ఈ రోజుకి చాలు, వెళ్ళి సమోసాలు తినండి’ అన్నారు. పిల్లలు ఎందుకని అడక్కుండానే పరిగెత్తారు. ఖాళీ క్లాసులో ఆయన ఒక్కరే మొదటి బెంచీలో కూర్చుని, ఆ అంకెని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకున్నారు. ఆనందం పట్టలేక ఒక్కరే నవ్వుకున్నారు.

సాయంత్రం బొటానికల్ గార్డెన్‌లో రైలు మారుతుంటే తాయారమ్మ ఫోను. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో ఛాయమ్మగారికి, ఈయనకి, తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టింది. కంపెనీ వాళ్ళు సోమవారం వచ్చి చేరమన్నారంది. వెనక టకటకా మిషను చప్పుడు వినబడుతోంది.

‘ఈ రోజు కూడా కుడుతున్నావా తాయారమ్మా?’

‘నేను కాదండి. దీపు.’

సదాశివరావుగారు మెట్ల మీద ఆగిపోయారు.

‘సోమవారం ఆఫీసుకేసుకోడానికి కుర్తా తనే కుట్టుకుంటుందంట. కుట్టడం రాదు, పాడూ లేదు. వంకరటింకరగా పోతంది’ అని తాయారమ్మ నవ్వింది. ‘గంటయింది సారూ కూచుని.’

‘లేపడానికి నన్ను రమ్మంటావా?’ అన్నారు సదాశివరావుగారు.

‘అక్కర్లేదండి’ అంది తాయారమ్మ. ‘ఇంక దానంతటదే లేవగలదు.’